ఒక యూనిట్ కరెంటులో ఎన్ని ఎలక్ట్రాన్ వోల్టులు?

ప్రశ్న: ఒక యూనిట్ కరెంటును ఎలక్ట్రాన్ వోల్టుల్లోకి మార్చమన్నరు. నాకు 2.25 × 10⁻¹³ వచ్చింది, మా దోస్తుకు 5.76 × 10⁻¹³ వచ్చింది. పుస్తకం వెనుక జవాబు చూస్తే 2.25 × 10²⁵ అని ఉంది. నా అంకెలు సరిపోయినయి గాని ఘాతం ఎందుకు తప్పింది సార్?
– ఇంటర్ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: మీరు చేసిన పద్ధతి సరైనదే అమ్మా, కాలిక్యులేటర్ నొక్కడంలో తప్పింది. బిల్లులో కనిపించే యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. 1000 వాట్లను 3600 సెకన్లతో గుణిస్తే 36 లక్షల జౌళ్లు, అంటే 3.6 × 10⁶. ఒక ఎలక్ట్రాన్ ఒక వోల్ట్ తేడాను దాటినప్పుడు పొందే శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్ట్. దాని విలువ 1.602176634 × 10⁻¹⁹ జౌళ్లు. 2019 మే 20 నుంచి ఇది కచ్చితమైన విలువ, ప్రయోగంతో మారేది కాదు. పరీక్షకు 1.6 చాలు.

మీరు 3.6 × 10⁶ ÷ 1.6 × 10⁻¹⁹ అని వరుసగా కొట్టి ఉంటారు. కాలిక్యులేటర్ ఎడమ నుంచి కుడికి పోతుంది. అది 1.6తో మాత్రమే భాగించి, 10⁻¹⁹తో మళ్లీ గుణించింది. అందుకే 2.25 సరిగ్గానే ఉంది గాని ఘాతంలో 38 తేడా వచ్చింది. కింది సంఖ్య మొత్తాన్ని బ్రాకెట్‌లో పెట్టండి, లేదా పది ఘాతాన్ని నేరుగా ఇచ్చే ఎక్స్‌పీ (EXP) మీట వాడండి: 3.6 ఎక్స్‌పీ 6 ÷ 1.6 ఎక్స్‌పీ −19. ఆ మీట వాడినప్పుడు మధ్యలో "× 10" అని కొట్టకూడదు. కొడితే సంఖ్య మళ్లీ రెండు ముక్కలవుతుంది, పైగా 10 ఎక్స్‌పీ −19 అంటే 10⁻¹⁸ కాబట్టి ఇంకో పది రెట్లు తేడా వస్తుంది.

మీ దోస్తు భాగించాల్సిన చోట గుణించారు. 3.6ను 1.6తో గుణిస్తే 5.76, ఆ అంకెలే చెబుతున్నాయి. ఇద్దరూ జవాబు రాసే ముందు ఒక్కసారి ఆలోచించాల్సింది ఇది: పుట్టి వడ్లను గిద్దెతో కొలిస్తే గిద్దెల లెక్క పెరుగుతుందే గాని తగ్గదు. కొలత చిన్నదైతే సంఖ్య పెద్దదవ్వాలి. ఇక్కడ రుణ ఘాతం వచ్చిందంటే ఎక్కడో తప్పినట్టే. అసలు దీనికి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. 3.6 ÷ 1.6 = 2.25; ఘాతాలు విడిగా 6 − (−19) = 25.

ప్రశ్న: మన నల్గొండ జిల్లాలో లంబాపూర్, పెద్దగట్టు దిక్కు యురేనియం ఉందంటారు కదా. ఒక్క అణువు విచ్ఛిత్తికి (అంటే దాని కేంద్రకం చీలడానికి) వచ్చే శక్తి 200 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు అని పాఠంలో ఉంది. ఒక గ్రాముకు ఎన్ని యూనిట్లవుతాయో పిల్లలకు ఎట్లా చెప్పాలె?
– ఉపాధ్యాయుడు, హాలియా

జవాబు: ముందు ఒక్క అణువును జౌళ్లలోకి తేవాలి: 200 × 10⁶ × 1.602 × 10⁻¹⁹ = 3.2 × 10⁻¹¹. 235 గ్రాముల యురేనియం 235లో అణువులు 6.022 × 10²³ (అవగాడ్రో సంఖ్య). కాబట్టి గ్రాములో 6.022 × 10²³ ÷ 235, అంటే 2.56 × 10²¹. రెండూ గుణిస్తే 8.2 × 10¹⁰ జౌళ్లు. దాన్ని 36 లక్షలతో భాగిస్తే దాదాపు 22,800 యూనిట్లు. పిల్లలకు కళ్లకు కట్టాలంటే సాగర్‌ను చూపించండి. అక్కడి ప్రధాన జల విద్యుత్ కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు. యంత్రాలన్నీ పూర్తిగా తిరిగినా అంత శక్తికి సుమారు 100 సెకన్లు పడుతుంది.

అయితే ఇక్కడితో ఆపితే పిల్లలకు తప్పు చెప్పినట్టవుతుంది. ఆ 22,800 యూనిట్లు వేడి రూపంలో ఉంటాయి. రియాక్టర్‌లో అందులో మూడో వంతు మాత్రమే కరెంటవుతుంది, సుమారు 7,600. పైగా సహజ యురేనియంలో 235 రకం 0.72 శాతమే. కాబట్టి గ్రాము సహజ యురేనియంలోని ఆ కొద్ది భాగమంతా విచ్ఛిత్తి చెందినా వచ్చే వేడి దాదాపు 164 యూనిట్లు, కరెంటు 55. ఇక తవ్వితే వచ్చే రాయిలో యురేనియం చాలా కొద్దిగా ఉంటుంది, రాయి బరువును ఈ లెక్కలో పెట్టకూడదు.

ప్రశ్న: గది ఉష్ణోగ్రత దగ్గర ఉష్ణశక్తి 25 ఎంఈవీ (ఈవీ అంటే ఎలక్ట్రాన్ వోల్ట్), పొలోనియం 210 ఆల్ఫా కణం శక్తి 5.3 ఎంఈవీ అని నోట్సులో ఉంది. గదిలో గాలికే ఎక్కువ శక్తి ఉంటుందా?
– డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: లేదు. మొదటిది చిన్న ఎం, అంటే మిల్లీ. రెండోది పెద్ద ఎం, మెగా. వీటి మధ్య 10⁹ రెట్లు తేడా ఉంది. 25 మిల్లీ అంటే 0.025, 5.3 మెగా అంటే 53 లక్షలు. ఆల్ఫా కణానిదే సుమారు 21 కోట్ల రెట్లు ఎక్కువ. తెలుగులో రాసేటప్పుడు పెద్ద, చిన్న అక్షరాల తేడా ఉండదు కాబట్టి నోట్సులో మిల్లీ, మెగా అని పూర్తిగా రాసుకోండి.

ప్రశ్న: ఎక్సెల్‌లో 1.6E−19 కొడితే 0.00 చూపిస్తుంది. విలువ పోయినట్టేనా?
– వనపర్తి పాఠకుడు

జవాబు: పోలేదు. ఆ గడికి రెండు దశాంశాలే చూపే ఫార్మాట్ ఉంది, దాన్ని సైంటిఫిక్‌కు మార్చండి. నిజంగా పోయేది కూడినప్పుడు. 36 లక్షల జౌళ్లకు ఒక ఎలక్ట్రాన్ వోల్ట్ కలిపితే జవాబు 36 లక్షలే ఉంటుంది, ఎందుకంటే ఎక్సెల్ సుమారు 15 అంకెల వరకే పట్టుకుంటుంది. అలాంటప్పుడు రెండింటినీ కూడకుండా విడివిడి గడుల్లో ఉంచుకోండి.