మొగ దాటేముందు: సొంత పడవ ఉన్నవారి ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంజను వేడి గురించీ, మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దాటడం గురించీ ఉన్నాయి. ఆ రెండింటికీ ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: 22 అడుగుల ఫైబర్ పడవను 40 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటారుతో సహా సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. పావుగంట నడిపితే అలారం మోగుతోంది. వెనక నుంచి చిమ్మే నీటిధార సన్నబడింది. మెకానిక్ ఇంజను హెడ్ (పైమూత) విప్పుదామంటున్నాడు. విప్పించమంటారా? (ఒక పాఠకుడు, కొత్తపట్నం)

జవాబు: అప్పుడే వద్దు. హెడ్ వరకు వెళ్లకుండానే చూడాల్సినవి నాలుగున్నాయి. ముందుగా మోటారు కాలికి, అంటే నీళ్లలో మునిగే కింది భాగానికి, ఉన్న నీళ్లు పీల్చే జాలీ చూడండి. ప్లాస్టిక్ సంచీ ముక్కో, ఇసుకో, నాచో పట్టి ఉంటుంది. రెండోది ధార వచ్చే రంధ్రం. ఉప్పు గడ్డకట్టి అది మూసుకుంటే, లోపల నీళ్లు బాగానే తిరుగుతున్నా బయటికి సన్నగా కనబడుతుంది. సన్నటి తీగతో పొడిచి చూడండి.

ఈ రెండూ బాగుంటే అనుమానం ఇంపెల్లర్ మీదే. నీటి పంపులో తిరిగే రబ్బరు చక్రం అది. నీళ్లు లేకుండా ఒక్క నిమిషం తిరిగినా దాని రెక్కలు కాలిపోతాయి. పడవ ఒడ్డున ఉండగా 'ఒకసారి స్టార్ట్ చేసి చూపించండి' అని కొనేవాళ్లు అడగడం, అమ్మేవాళ్లు చూపించడం మామూలే. సెకండ్‌హ్యాండ్ మోటారులో ఇంపెల్లర్ పాడై ఉండటానికి చాలాసార్లు అదే కారణం. మార్చాలంటే కింది భాగం బోల్టులు, గేరు రాడ్డు విప్పి కాలిని దించాలి. పంపు మూత తీసి, షాఫ్టుకు ఉన్న చిన్న కీ జారి పడకుండా పట్టుకోవాలి. కొత్త చక్రానికి గ్రీజు పూయకండి, రబ్బరు ఉబ్బుతుంది. సబ్బునీళ్లు చాలు. షాఫ్టును ఇంజను తిరిగే వైపే తిప్పుతూ మూత దించితే రెక్కలు సరైన దిక్కుకు వంగుతాయి. పాత చక్రానికి రెక్క విరిగి ఉంటే ఆ ముక్క దొరికేదాకా వెతకాలి. అది పైకి పోయి నీటిదారిలో ఇరుక్కుంటే కొత్త ఇంపెల్లర్ వేసినా వేడి తగ్గదు. పంపు గిన్నెలో, కింది ప్లేటులో గోరుకు తగిలేంత గాడి పడి ఉంటే వాటినీ మార్చండి.

నాలుగోది థర్మోస్టాట్, ఇంజను వేడెక్కాక తెరుచుకుని నీళ్లను వదిలే వాల్వు. గిన్నెలో నీళ్లు పోసి, దారంతో దాన్ని వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి వేడి చేయండి. దానిమీద కొట్టి ఉన్న డిగ్రీల దగ్గర తెరుచుకోకపోతే తీసేసి కొత్తది వేయండి. థర్మోస్టాట్ అసలు లేకుండా నడపమని కొందరు సలహా ఇస్తారు, వినకండి. ఇంజను ఎప్పుడూ చల్లగానే నడిస్తే ప్లగ్గులు మసిబారతాయి, ఆయిల్లో పెట్రోలు కలుస్తుంది.

ఇదంతా మళ్లీ రాకూడదంటే ఉప్పునీళ్లలో తిరిగొచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగాలి. 200 లీటర్ల డ్రమ్ములో కాలిని దింపి, ప్రొపెల్లర్ పైనున్న పలక మునిగేలా నీళ్లు నింపి, న్యూట్రల్‌లో తక్కువ వేగంతో పది నిమిషాలు నడపండి. ఇంజను వేడెక్కి థర్మోస్టాట్ తెరుచుకుంటేనే లోపలి గదుల్లో ఉప్పు కరుగుతుంది. రెండు నిమిషాల్లో ఆపేస్తే కడిగినట్టు కాదు. తీరంలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి, నాలుక మీద వేసుకుని చూసి మరీ పోయండి. ఇంపెల్లర్ ఏడాదికోసారి మార్చండి. వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14 దాకా ఉంటుంది. ఆ రోజుల్లో మెకానిక్‌లందరూ వేట బోట్ల పనిలో ఉంటారు కాబట్టి మీ పని మార్చిలోనే చేయించుకోండి.

ప్రశ్న: ఉప్పుటేరు మొగ దాటి సముద్రంలోకి వెళ్లడానికి ఏ వేళ మంచిది? పోయిన నెల బాగున్న దారిలో ఈసారి పడవ అడుగు తగిలింది. (ఇసకపల్లి)

జవాబు: పోయిన నెల దారి ఈ నెలకు పనికిరాదు. నైరుతి రోజుల్లో అలలు ఇసుకను ఉత్తరానికి, ఈశాన్య రోజుల్లో దక్షిణానికి తోస్తాయి. మేటలు జరుగుతూనే ఉంటాయి. వాన వరద వచ్చిన తర్వాత మరీను.

పోటు ఎక్కే వేళ, లేదా నిండుపోటు దగ్గర నీరు నిలిచిన వేళ దాటాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో కూడా మన తీరంలో ఆటుకూ పోటుకూ తేడా ఇంచుమించు ఒక మీటరే. ఇంతేగా అనిపిస్తుంది గానీ, మేట మీద లోతే మీటరున్నరైనప్పుడు ఆ మీటరే ప్రాణం. పోటు నుంచి ఆటుకు ఆరు గంటలు దాటుతుంది. రోజురోజుకూ వేళ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. నీరు వెనక్కి తీసేటప్పుడు మొగలోకి దిగకండి. ఏటి నీరు బయటికి పరుగెడుతుంటే సముద్రపు అల దానికి ఎదురొచ్చి కుదించుకుపోతుంది, నిటారుగా లేచి విరుగుతుంది. అవతల సముద్రం ప్రశాంతంగా ఉన్నా మొగలో మాత్రం పడవను తలకిందులు చేసే అల ఉంటుంది.

మొగకు ముందే ఆగి పది నిమిషాలు చూడండి. అలలు గుంపులుగా వస్తాయి, ఆ గుంపు వెళ్లాక కొంత తెరిపి ఉంటుంది. తెల్లగా విరిగే చోట మేట, విరగకుండా ముదురు రంగులో కదిలే చోట లోతు. లైఫ్ జాకెట్లు అక్కడే వేసుకోండి, మధ్యలో వేసుకునే వ్యవధి ఉండదు. ఇంజను ఆపే తాడు నడిపేవారి మణికట్టుకు ఉండాలి. ముక్కు దగ్గరి బరువు మధ్యకు జరపండి. బయటికి వెళ్లేటప్పుడు అలకు ముక్కు ఎదురు పెట్టి, శిఖరం ఎక్కుతుండగా వేగం తగ్గించండి, లేకపోతే పడవ అవతలికి ఎగిరిపడుతుంది. సగం దారిలో మనసు మారినా తిప్పకండి. పడవ అడ్డం తిరిగేది అప్పుడే.

లోపలికి రావడం ఇంకా కష్టం. ఒక అల వీపు మీద ఎక్కి, దాని వేగంతోనే రండి. ముందుకు దాటితే ముక్కు గుచ్చుకుంటుంది. వెనకబడితే వెనకనుంచి వచ్చే అల పడవ వెనక భాగాన్ని ఎత్తి పక్కకు తిప్పేస్తుంది. మొగ అంతా తెల్లగా విరుగుతుంటే బయటే లోతులో లంగరు వేసి పోటు కోసం ఆగండి. అందుకే పెట్రోలు మూడో వంతు వెళ్లడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది ఇలాంటి ఆలస్యాలకు. ఆపద వస్తే వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో పిలవండి. ఫోన్ అందితే కోస్ట్ గార్డ్‌కు 1554.

ప్రశ్న: లంగరు వేసినా పడవ కొట్టుకుపోతోంది. బరువైన లంగరు కొనాలా? (కావలి)

జవాబు: ముందు తాడు పొడవు చూడండి. నీటి లోతు 4 మీటర్లు, ముక్కు ఎత్తు 1 మీటరు, పోటుకు పెరిగేది 1 మీటరు, మొత్తం 6. తాడు దీనికి ఏడింతలు, అంటే 42 మీటర్లు వదలాలి. గాలి ముదిరితే పదింతలు. తాడు పొట్టిదైతే లంగరు పైకి లాగబడి ఊడొస్తుంది, ఎంత బరువున్నా అంతే. లంగరుకూ తాడుకూ మధ్య ఆరు మీటర్ల గొలుసు వేస్తే లాగుడు నేలబారుగా పడుతుంది. ఇసుకకూ బురదకూ రెండు పలకల డాన్‌ఫోర్త్ రకం బాగా పట్టుకుంటుంది. లంగరు అడుగు తాకాక నెమ్మదిగా రివర్సులో లాగి, ఒడ్డున రెండు గుర్తులు ఒకే వరసలో పెట్టుకుని చూడండి. ఆ వరస చెదిరితే లంగరు జారుతున్నట్టే.

ప్రశ్న: కొన్నాళ్లు సోమశిల జలాశయంలో, కొన్నాళ్లు కృష్ణపట్నం వైపు పడవ ఉంచుతాను. మోటారుకు ఏ ఆనోడ్ వేయాలి? (నెల్లూరు)

జవాబు: అల్యూమినియం. ఆనోడ్ అంటే మోటారు తుప్పు పట్టకుండా దాని బదులు తానే కరిగే లోహపు ముక్క. జింకు ఉప్పునీటికి మంచిదే గానీ మంచినీళ్లలో దానిమీద పొర కట్టి పని మానేస్తుంది. మెగ్నీషియం మంచినీళ్లకే, ఉప్పులో వారాల్లో కరిగిపోతుంది. సగం తరిగితే మార్చండి. ఆనోడ్ మీద రంగు మాత్రం వేయకండి.

ప్రశ్న: 18 అడుగుల పడవలో బంధువులందరినీ ఎక్కించుకోవచ్చా? మొత్తం పన్నెండు మందిమి. (ఒంగోలు)

జవాబు: ఎక్కించకండి. తయారీదారు బిగించిన పలక మీద ఎంతమంది అని ఉంటే అదే లెక్క. పలక లేకపోతే పొడవును వెడల్పుతో గుణించి 15తో భాగించడం వాడుక. 18 అడుగులు, 6 అడుగులైతే 7 వస్తుంది. అదీ నీళ్లు నిశ్చలంగా ఉన్నప్పుడే. మొగ దాటే రోజున నలుగురైదుగురికి మించకూడదు. బోల్తా కొట్టించేది బరువొక్కటే కాదు, ఆ బరువు జరగడం. అందరూ ఫొటో కోసం ఒకవైపు లేచి నిలబడితే చాలు. అడుగున నిలిచిన నీళ్లూ ఒరిగిన వైపుకే పరుగెడతాయి. 2017 నవంబరు 12న కృష్ణానదిలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి చనిపోయినవారిలో చాలామంది ఒంగోలువాళ్లే. మీ ఊరికి ఇది వేరే చెప్పాలా? రెండు విడతలుగా తిప్పండి. పిల్లలకు కాళ్ల మధ్య పట్టీ ఉన్న జాకెట్టే వేయండి, లేకపోతే నీళ్లలో అది తల మీదుగా ఊడిపోతుంది.

ప్రశ్న: గంటకు 2,000 లీటర్ల బిల్జ్ పంపు సరిపోతుందా? (రామాయపట్నం)

జవాబు: పడవ అడుగున చేరే నీళ్లను తోడేది బిల్జ్ పంపు. వాననీళ్లకు, తుంపరకు మీరు చెప్పినది సరిపోతుంది. కన్నం పడితే సరిపోదు. నీటిమట్టానికి 60 సెంటీమీటర్ల కింద అంగుళం గొట్టం ఊడితే నిమిషానికి దాదాపు 60 లీటర్లు, గంటకు 3,600 లీటర్లు లోపలికి వస్తాయి. పైగా నీళ్లను ఎత్తి పోయాలి కనుక పంపు మీద రాసినంత ఎప్పుడూ తోడదు. గొట్టాల కోసం పడవకు పెట్టిన ప్రతి కన్నం పక్కనా దానికి సరిపడే మెత్తని కర్ర బిరడా దారంతో కట్టి ఉంచండి. నీరు పెరగగానే పంపును తనంతట తానే నడిపే ఫ్లోట్ స్విచ్ వైరు మెయిన్ స్విచ్ దాటి, ఫ్యూజు ద్వారా నేరుగా బ్యాటరీకి వెళ్లాలి.

ప్రశ్న: తుపాను హెచ్చరిక వస్తే పడవను ఎక్కడ పెట్టాలి? (సింగరాయకొండ)

జవాబు: ఉప్పెన అందనంత ఎత్తుకు లాగించండి. సరుగుడు చెట్ల కింద వద్దు, ఇసుకలో వాటి వేళ్లు నిలవవు. ముక్కు కాస్త ఎత్తులో పెట్టి, వెనకున్న డ్రెయిన్ ప్లగ్ తీసెయ్యండి. పది చదరపు మీటర్ల పడవలో పది సెంటీమీటర్ల వాన నిలిస్తే అది టన్ను బరువు. టార్పాలిన్ కప్పకండి, గాలి దాన్ని తెరచాప చేసుకుంటుంది. మోటారు, బ్యాటరీ ఇంటికి తెచ్చుకోండి. నాలుగు మూలలా ఇసుకలో లోతుగా పాతిన మేకులకు నైలాన్ తాళ్లతో కట్టి, తాడు ఒరుసుకునే ప్రతిచోటా పాత రబ్బరు గొట్టం తొడగండి. తీసిన ప్లగ్‌ను మోటారు తాళంచెవికి కట్టి ఉంచండి. మళ్లీ నీళ్లలోకి దించే రోజున అదే ముందు గుర్తుకొస్తుంది.