కాటన్ దొర ఇంటిపేరులో పత్తి ఉందా?

ప్రశ్న: మాది ఆత్రేయపురం దగ్గర పల్లెటూరు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూసి వస్తుంటే మా మనవడు "కాటన్ అంటే పత్తి కదా తాతయ్యా, వాళ్లు పత్తి వర్తకులా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు. ఇంకొకటి, ఆయన్ని 'సర్ కాటన్' అనవచ్చా?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: ఈ ఇంటిపేరుకీ పత్తికీ ఏ చుట్టరికమూ లేదని మీ మనవడితో గట్టిగా చెప్పండి. పత్తి అనే అర్థంలో కాటన్ అరబ్బీ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులోకి వచ్చిన మాట. ఇంటిపేరు మాత్రం అచ్చ ఇంగ్లిషుది. పాత ఇంగ్లిషులో 'కాట్' అంటే పాక. 'కాటుమ్' అంటే పాకల దగ్గర. అదే ఊళ్ల పేరైంది. స్టాఫర్డ్‌షైర్‌లో కాటన్, కేంబ్రిడ్జి పక్కన కోటన్ ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి ఊరు వదిలి వచ్చినవాణ్ని కొత్తచోట ఆ ఊరి పేరుతోనే పిలిచేవారు. పలుచోట్ల విడివిడిగా పుట్టిన పేరు కాబట్టి కాటన్లందరూ ఒక వంశం వాళ్లు కారు.

మీ మనవడికి కొవ్వూరి వారిని చూపించండి. కొవ్వూరు ఊరైతే కొవ్వూరి ఇంటిపేరు. చివరి 'రి'లో 'ఆ ఊరి' అన్న అర్థం ఇమిడి ఉంది. కాటుమ్‌లోని 'ఉమ్' కూడా అలాంటి విభక్తి ప్రత్యయమే. గోదావరి జిల్లాల వాడికి ఇంత దగ్గరగా అర్థమయ్యే ఇంగ్లిషు ఇంటిపేరు ఇంకొకటి ఉండదని నా నమ్మకం. మనం దాన్ని ముందు పెడతాం, వాళ్లు చివర పెడతారు, అంతే తేడా.

మన దొరగారి కాటన్లు చెషైర్‌లోని కాంబర్‌మియర్ వాళ్లు. ఇంగ్లండు రాజు 8వ హెన్రీ క్రైస్తవ మఠాలను రద్దుచేసినప్పుడు, 1539లో అక్కడి మఠం ఆ కుటుంబానికి దక్కింది. దొరగారి తండ్రి పేరు హెన్రీ కాల్వెలీ కాటన్. ఆ కాల్వెలీ కూడా చెషైర్‌లో ఒక ఊరే, లేగదూడలు మేసే బయలు అని అర్థం. ఇంగ్లిషువాళ్లు ఇంటిపేర్లను ఇలా నడిమి పేరుగానూ, ఒక్కోసారి మొదటి పేరుగానూ పెట్టుకుంటారు. అమెరికాలో 1663లో పుట్టిన మతాచార్యుడు కాటన్ మాథర్‌కి తల్లి పుట్టింటి పేరే సొంత పేరయింది.

ఇక 'సర్' సంగతి. 1861లో ఆయనకు నైట్ బిరుదు వచ్చింది. ఆ బిరుదుతో వచ్చే 'సర్' అన్న మాట సొంత పేరు మీదే నిలవాలి. సర్ ఆర్థర్ కాటన్ అనండి, క్లుప్తంగా కావాలంటే సర్ ఆర్థర్ అనండి. 'సర్ కాటన్' తప్పు. శిలాఫలకాల మీద, ఆహ్వానపత్రాల్లో ఆ తప్పు కనిపిస్తే నాకు మనసు చివుక్కుమంటుంది. అంత ప్రేమగా తలుచుకునే మనిషి పేరును సరిగ్గా రాయాలి కదా! తెలుగులో 'కాటన్ దొర' నిక్షేపంలా ఉంది, దాన్ని మార్చనక్కర్లేదు.

భార్య విషయంలో పద్ధతి వేరు. నైట్ భార్యను ఇంటిపేరుతో పిలుస్తారు, అందుకే ఆవిడ లేడీ కాటన్. వారి కూతురు ఎలిజబెత్ అడ్మిరల్ సర్ జేమ్స్ హోప్‌ని పెళ్లాడి లేడీ హోప్ అయ్యారు. తండ్రి జీవిత చరిత్రను 1900లో ఆ పేరుతోనే అచ్చువేశారు. ఆ పుస్తకం కోసం లైబ్రరీలో రచయితల పట్టీ వెతికేటప్పుడు కాటన్ కింద కాదు, హోప్ కింద చూడండి.