మేత పోరంబోకులో గడ్డి తిరిగి పెరగాలంటే మందను ఎప్పుడు ఆపాలి?

సందేహం: మాది అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం ప్రాంతంలోని పల్లె. ఊరి పక్క గుట్టవాలులో 180 ఎకరాల మేత పోరంబోకు ఉంది. ఊళ్లో అందరివీ కలిపి 1,100 గొర్రెలు, 200 మేకలు, ఆవులు, ఎద్దులు, ఎనుములు కలిసి 60 దాకా ఉన్నాయి. మా నాయన కాలంలో అక్కడ మోకాలెత్తు కసువు ఉండేదట. ఇప్పుడు తంగేడు, వెంపలి, సర్కారు తుమ్మ తప్ప ఏమీ కనబడటం లేదు. ఐదేళ్లపాటు జీవాలను పూర్తిగా ఆపి గడ్డి విత్తనం చల్లాలని ఊళ్లో కొందరు పట్టుబడుతున్నారు. అంతకాలం మేము మందలను ఎక్కడికి తోలుకుపోవాలి? జీవాలను ఆపకుండా విత్తనం చల్లితే సరిపోదా?
– ఒక గొర్రెల పెంపకందారు

సలహా: మొత్తం పోరంబోకును ఐదేళ్లు మూసివేయవలసిన అవసరం లేదు. అలాగని జీవాలు తిరుగుతుండగానే విత్తనం చల్లితే ఆ ఖర్చు మట్టిపాలవుతుంది. భూమిని నాలుగు భాగాలుగా విడదీసి, ఏటా ఒక భాగాన్ని మాత్రం తొలకరి నుంచి గడ్డి గింజ రాలే దాకా, అంటే సుమారు జూన్ నుంచి అక్టోబరు చివరి వరకు, మందకు మూసి ఉంచడమే మీ ఊరికి తగిన పద్ధతి. దీనికి కారణాలు వివరంగా చెబుతాను. ఎందుకంటే రేపు పంచాయతీలో ఈ మాట నిలబెట్టవలసింది మీరే.

తంగేడు, వెంపలి మిగిలాయంటే ఆ నేల పనికిరానిదైపోయిందని అర్థం కాదు. అవి జీవాలు ఇష్టపడని మొక్కలు కాబట్టి మిగిలాయి, ఇష్టపడేవి మళ్లీ మళ్లీ కొరకబడి పోయాయి. దుబ్బు కట్టే గడ్డి జాతులు ఎండాకాలమంతా వేళ్లలోను, దుబ్బు అడుగు భాగంలోను దాచుకున్న పోషకాలతోనే తొలకరి చినుకులకు మొదటి ఆకులు వేస్తాయి. ఆ ఆకులు ఎదిగి సొంతంగా ఆహారం తయారుచేసుకునేలోపే గొర్రె వాటిని కొరికితే, మొక్క మిగిలిన నిల్వను కూడా ఖర్చుచేసి మరోసారి చిగురిస్తుంది. ఇలా ఒకే వానాకాలంలో నాలుగైదు సార్లు జరిగితే వేరు చిక్కిపోయి, మరుసటి ఎండాకాలానికి దుబ్బు చనిపోతుంది. ఆవు నాలుకతో గడ్డిని చుట్టి లాగుతుంది కనుక కొంత మోడు మిగులుతుంది. గొర్రె మాత్రం పెదవులతో, ముందు పళ్లతో నేలకు అంటిపెట్టుకుని కొరకగలదు. మేకపై నింద ఎక్కువ గాని, అది ఎక్కువగా ఆకు, కొమ్మ వెతుక్కునే జీవం. గడ్డి విషయంలో గొర్రె చేసేంత నష్టం అది చేయదు.

అసలు చిక్కు మన జిల్లా సాగు తీరులోనే ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడే వానలో ఎక్కువ భాగం జూన్, అక్టోబరు మధ్యనే కురుస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే పొలాలన్నీ వేరుశనగ, కంది పైర్లతో నిండి ఉంటాయి కాబట్టి మందలకు గుట్ట తప్ప వేరే దారి ఉండదు. నవంబరులో వేరుశనగ పెరికిన తర్వాత పొలాలు తెరుచుకుంటాయి, ఎరువు కోసం రైతులే పిలిచి రాత్రిళ్లు పొలంలో మంద కట్టించుకుంటారు, గుట్ట ఖాళీ అవుతుంది. అంటే గడ్డికి విశ్రాంతి కావలసిన నెలల్లో ఊరి జీవాలన్నీ దానిమీదే ఉంటాయి, విశ్రాంతి ఇచ్చినా ఇవ్వకపోయినా ఒకటేనైన ఎండు నెలల్లో అది ఖాళీగా ఉంటుంది. కాపరుల నిర్లక్ష్యం వల్లే పోరంబోకులు బోడిగా మారాయని అనేవారు ఈ సంగతి గమనించడం లేదని నా అభిప్రాయం.

ఇక లెక్కకు వద్దాం. ముప్పై కిలోల గొర్రె రోజుకు ఎండు లెక్కన సుమారు ఒక కిలో మేత తింటుంది. పెద్ద పశువుకు ఆరేడు కిలోలు కావాలి. మేకలు సగం కడుపు ఆకుతో నింపుకుంటాయనుకున్నా, మీ ఊరి జీవాలన్నిటికీ కలిపి రోజుకు దాదాపు 1,600 కిలోల ఎండుమేత అవసరం. మీ గుట్టలాంటి చిక్కిపోయిన నేల నుంచి మామూలు సంవత్సరంలో ఎకరాకు 400 కిలోల ఎండుగడ్డి వస్తుందనుకుందాం. 180 ఎకరాలకు అది 72,000 కిలోలు. అందులో సగం తిని సగం వదిలితేనే దుబ్బు బతుకుతుంది, వాన దెబ్బకు మట్టి కొట్టుకుపోకుండా ఉంటుంది. అలా మేపుకోగలిగే 36,000 కిలోలు మీ జీవాలకు 22 రోజులకు మించి చాలవు. మందలు గుట్టపై ఉండేది మాత్రం ఐదు నెలలు. గట్లు, చెరువు లోపలి నేల, చెట్ల ఆకు కొంత ఆదుకుంటున్నా, తక్కిన లోటంతా గడ్డి వేళ్ల నుంచే తీసుకుంటున్నారు.

ఈ లెక్కను నా మాటగా తీసుకోకండి, మీరే కొలిచి చూడండి. నాలుగు కర్రలతో మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉండే చట్రం కట్టి, అక్టోబరు చివర్లో గుట్టపై పది చోట్ల, బాగున్న చోటు, బోడిగా ఉన్న చోటు అన్న ఎంపిక లేకుండా, నేలపై ఉంచి లోపలి గడ్డిని కోయండి. నీడలో బాగా ఆరబెట్టి తూచి, పది చోట్ల సగటు ఎన్ని గ్రాములో దాన్ని నాలుగుతో గుణిస్తే ఎకరాకు ఎన్ని కిలోల ఎండుగడ్డి ఉందో దాదాపుగా తెలుస్తుంది. జీవాలు అప్పటికే మేసిపోయిన గడ్డి ఈ తూకంలోకి రాదు కాబట్టి, జూన్‌లోనే మూడు నాలుగు చోట్ల ముళ్లకంపతో చిన్న చిన్న దడులు కట్టి ఉంచి, వాటి లోపల కూడా కోసి పోల్చితే తేడా కళ్లముందే కనబడుతుంది. పంచాయతీలో గంటసేపు వాదించడం కన్నా ఆ దడి దగ్గరికి నలుగురిని తీసుకువెళ్లడం మేలు.

పై లెక్కలోనే మీ అసలు ప్రశ్నకు జవాబు ఉంది. నాలుగో వంతు, అంటే 45 ఎకరాలు, మూసివేస్తే మందలు ఆ ఏడాది కోల్పోయేది ఐదారు రోజుల మేత మాత్రమే. యాభై గొర్రెల మందకు అది మూడు క్వింటాళ్ల లోపు వేరుశనగ కట్టెతో (కాయ తీసిన ఎండు మొక్కలతో) పూడే లోటు. కట్టెను కోత కాలంలోనే కొని, వానకు తడవకుండా, బూజు పట్టకుండా దాచుకుంటే జూలై, ఆగస్టులో అక్కరకు వస్తుంది. బూజు పట్టిన కట్టెను మాత్రం జీవాలకు వేయకండి. గట్ల మీద అవిశ, సుబాబుల్ పెంచుకుంటే రెండో ఏడాది నుంచి ఆ భారం కూడా తగ్గుతుంది.

మొదట మూసే భాగంగా పూర్తిగా బోడిగా ఉన్న చోటును ఎంచుకోవద్దని నా సలహా. చాలా ఊళ్లలో అక్కడే మొదలుపెడతారు, రెండేళ్లయినా ఏమీ కనబడక నిరుత్సాహపడి వదిలేస్తారు. దుబ్బులు అక్కడక్కడైనా మిగిలి ఉన్న భాగాన్ని ముందు మూయండి. అక్కడ వేరు ఉంది, మట్టిలో గింజ ఉంది, ఒక్క మంచి వానాకాలానికే ఫలితం తెలుస్తుంది. మూసిన భాగంలో గింజ రాలిన తర్వాత, నవంబరులో, మందను కొద్దిరోజులు తప్పక మేపండి. గిట్టల తొక్కిడికి గింజ మట్టిలో దిగుతుంది, ముదిరిన గడ్డి తొలగి మరుసటి తొలకరికి చిగురుకు వెలుతురు అందుతుంది.

మిగిలిన మూడు భాగాలను పది పది రోజుల వంతున మేపుకోవాలి. ఒక భాగం వదిలిన తర్వాత తిరిగి అక్కడికి రావడానికి ఇరవై రోజులు పడుతుంది కాబట్టి, ఊరి మందలన్నీ రోజూ ఒకేచోట తిరిగేదాని కన్నా ఇది ఎంతో నయం. కొలబద్ద మీ చేతిలోనే ఉంది: గడ్డి జానెడు పెరిగాక మంద లోపలికి, బెత్తెడుకు తగ్గగానే బయటికి. వాన వెనుకపడిన ఏడాది రోజుల లెక్క కన్నా ఈ కొలతనే నమ్మండి.

పూర్తిగా మూసివేయాలన్న వాదనపై ఒక మాట. గడ్డినేలల్లో బతికే పెద్ద పక్షి బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించిన రోళ్లపాడు, అప్పటి కర్నూలు, ఇప్పటి నంద్యాల జిల్లాలో, సుమారు 600 హెక్టార్ల గడ్డినేల. అక్కడ రక్షణ దొరికిన కృష్ణ జింకలు బాగా వృద్ధి చెందాయి గాని బట్టమేక పిట్ట మాత్రం నిలవలేదు. చుట్టుపక్కల పొలాల తీరు మారడం వంటి కారణాలు అందులో ఉన్నాయి కనుక దాన్ని మేత ఆపడం ఒక్కదానికే ముడిపెట్టను. అయితే ఏళ్ల తరబడి మేయని గడ్డి ముదిరి పీచుబారి, వేసవిలో నిప్పురవ్వకు సిద్ధంగా ఉంటుందన్నది మాత్రం నిజం. గడ్డినేలకు మేత శత్రువు కాదు, వేళ తప్పిన మేతే శత్రువు.

విత్తనం రెండో ఏడాది నుంచి, మూసిన భాగంలోని బోడి చోట్లలో మాత్రమే చల్లండి. ఎర్రనేలలకు అంజన్ గడ్డి, పప్పుజాతికి చెందిన స్టైలో హెమాటా కలిపి వేయడం మంచిది. ఎకరాకు అంజన్ రెండు కిలోలు, స్టైలో రెండు కిలోలు సరిపోతాయి. స్టైలో గింజ పైపొర గట్టిగా ఉంటుంది కాబట్టి 80 డిగ్రీల వేడినీటిలో నాలుగైదు నిమిషాలు ఉంచి, తీసి, రాత్రంతా చన్నీటిలో నానబెట్టి ఆరబెట్టాలి. కొత్తగా రాలిన అంజన్ గింజ కొన్ని నెలల వరకు సరిగా మొలవదు, కిందటేటి గింజ కొనండి. గింజకు మెత్తని నూగు ఉండటం వల్ల గాలికి ఎగిరిపోతుంది, తేమ ఇసుకలో కలిపి చల్లి, ముళ్లకంప ఈడ్చి పైపైన మట్టి కప్పితే చాలు. లోతుగా పడితే మొలవదు. వాలుకు అడ్డంగా కందకాలు తవ్వించుకుంటే కురిసిన వాన అక్కడే ఇంకుతుంది. ఈ పనిని ఉపాధి హామీ కింద పెట్టించడానికి పంచాయతీని అడగవచ్చు.

సర్కారు తుమ్మ విషయంలో జీవాలే దాని విత్తనాన్ని మోస్తున్నాయి. కాయలు తిన్న గొర్రె పెంటికలతో గింజ గుట్టంతా చేరుతుంది. కాయలను ఏరి, గింజతో సహా పిండి పట్టించి దాణాలో కొద్దిగా కలిపితే మేతా దొరుకుతుంది, మొలకా ఆగుతుంది. మొలకలను వానాకాలంలో వేరుతో పెరికేయాలి, పైపైన నరికితే పది కొమ్మలై లేస్తుంది. ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు: గొర్రె మేసేది పోరంబోకులో, ఎరువు వేసేది రైతు పొలంలో. ఇన్నేళ్లుగా గుట్ట నుంచి సారం దిగువకు పోతూనే ఉంది. రైతులు మంద కట్టినందుకు ఇచ్చే ప్రతిఫలం మీకు ముఖ్యమే, కాదనను. ఏడాదిలో కొన్ని రాత్రులైనా మందను గుట్టమీది బోడి చోట్ల కట్టండి.

అధికారం సంగతికి వస్తే, 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంలోని 58వ సెక్షన్ ప్రకారం మేత పోరంబోకుల వాడకాన్ని క్రమబద్ధం చేసే అధికారం గ్రామ పంచాయతీకి ఉంది. కనుక నాలుగు భాగాల హద్దులు, మూసే నెలలు, తప్పినవారు చెల్లించవలసిన రుసుము గ్రామసభ తీర్మానంలో రాయించండి. అంతకుముందు తహసీల్దారు కార్యాలయంలో సర్వే నంబరు, విస్తీర్ణం చూసుకోండి. 180 ఎకరాల్లో కొంతకు డి.కె.టి. పట్టాలు (ప్రభుత్వ భూమిని సాగుకు ఇచ్చే పట్టాలు) ఇచ్చి ఉన్నా, ఎవరైనా ఆక్రమించి ఉన్నా ముందే తెలియాలి. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది, ఆ తీర్పును మీ అర్జీలో పేర్కొనవచ్చు. గుట్టపై భాగం రిజర్వు అడవి అయితే మాత్రం అటవీ శాఖ నియమాలు వేరు. బయటి ఊళ్ల మందలను పూర్తిగా అడ్డుకోవద్దు, వేసవిలో మీ మందలు కూడా కాలువల కిందికి, పరాయి ఊళ్లకు పోయేవే. వారికి ఒక దారి, రెండు మూడు రోజుల గడువు నిర్ణయిస్తే చాలు. తీర్మానం చేసే రోజు మందలున్న ఇళ్ల నుంచి, ముఖ్యంగా రోజూ జీవాల వెంట నడిచే కాపరుల నుంచి, కనీసం నలుగురైనా ఆ సభలో ఉండేలా చూడండి. వారు ఒప్పుకోని హద్దు గుట్టమీద నిలవదు.

చివరగా, లేత పచ్చిమేతపైకి ఆకలి మందను ఒక్కసారిగా వదిలితే బలమైన గొర్రెలే చిటుక రోగంతో (పేగుల్లో విషం పుట్టే జబ్బుతో) ముందు పడిపోతాయి. మే నెలలోనే, తొలకరికి ముందే, ఆ టీకా వేయించండి. జూలైలో కొత్త భాగంలోకి మారిన మొదటి మూడు నాలుగు రోజులు ఉదయం కొంత ఎండుకట్టె వేసి, మంచు ఆరిన తర్వాతే మందను విప్పండి. నట్టల మందు, విత్తనం దొరికే చోటు గురించి మీ పశువైద్యుడిని గాని, రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాన్ని గాని సంప్రదించండి.