సగం రోజు పని, సగం జీతం: తృప్తి మాటేమిటి?

ప్రశ్న: విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో పదకొండేళ్లుగా అకౌంటెంటుగా పనిచేస్తున్నాను. మా పాపకు నాలుగేళ్లు. ఇకపై ఉదయం తొమ్మిదిన్నర నుంచి రెండింటి వరకు వస్తే చాలని, జీతం మాత్రం 36,000 నుంచి 18,000 అవుతుందని మా యజమాని అంటున్నారు. నెదర్లాండ్స్‌లో ఉంటున్న మా ఆడపడుచు వారానికి మూడు రోజులే పనిచేస్తూ ఎంతో తృప్తిగా ఉన్నానంటుంది. నాకూ ఆ తృప్తి దక్కుతుందంటారా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీ ఆడపడుచు మాటను నేను కాదనను. కానీ ఆమె తృప్తికి మూడు రోజుల పని ఒక్కటే కారణమనుకోకండి. నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేసే స్త్రీలలో సగానికి పైగా పార్ట్‌టైమ్‌లోనే ఉన్నారు. పని గంటలు తక్కువన్న నెపంతో ఉద్యోగిపై వివక్ష చూపరాదని అక్కడ 1996లోనే చట్టం వచ్చింది. గంటలు తగ్గించమనే కాక, అవసరం తీరాక తిరిగి పెంచమని కూడా అడిగే హక్కును 2000లో మరో చట్టం ఇచ్చింది. మరీ చిన్న సంస్థల సంగతి వదిలేస్తే, బలమైన కారణం లేకుండా యజమాని దానిని తోసిపుచ్చలేడు. మన దగ్గర ప్రైవేటు ఉద్యోగికి అటువంటి హక్కు చట్టంలో లేదు. మీ ఆడపడుచు ఒక మెట్టు దిగినా మళ్లీ ఎక్కగలదు. మీకు ఆ హామీ ఎవరైనా ఇచ్చారా?

తృప్తి గురించి కూడా కాస్త జాగ్రత్తగా ఆలోచించాలి. బ్రిటన్ కుటుంబాలపై 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో, పార్ట్‌టైమ్ స్త్రీలు పని గంటల విషయంలోనూ ఉద్యోగం విషయంలోనూ ఎక్కువ తృప్తి కనబరిచారు. మొత్తం జీవితం గురించి అడిగితే మాత్రం గంటల వల్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా, ఉద్యోగం నుంచి పెద్దగా ఆశించని మనిషి కొంచెం దొరికినా తృప్తిగా ఉన్నానంటుందని ఆర్థికవేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. పదకొండేళ్ల అనుభవమున్న మీరు అంత తక్కువ ఆశించాలని నేను అనుకోను.

ఇక మీ పని సంగతికి వద్దాం. నెల నెలా జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసే కార్యాలయాల్లో వాటి గడువు రోజులైన 11వ తేదీ, 20వ తేదీ ఎలా గడుస్తాయో నాకంటే మీకే బాగా తెలుసు. 20వ తేదీన రెండు గంటలకు బ్యాగు సర్దుకుని లేవబోతుంటే, కొనుగోళ్ల లెక్క జీఎస్టీ పోర్టల్‌తో సరిపోవడం లేదని ఎవరో ఒకరు మీ బల్ల దగ్గరకు వస్తారు. ఆ రోజు మీరు ఏడింటికి ఇంటికి చేరితే, ఆ అదనపు గంటల జీతం ఎవరిస్తారు? సగం జీతానికి ముప్పాతిక పని చేయించుకోవడం మన దగ్గర కొత్తేమీ కాదు.

అందుచేత ఒప్పుకునే ముందు కొన్ని విషయాలు కాగితం మీద రాయించుకోండి. హోదా మారదని, సర్వీసు తెగకుండా కొనసాగుతుందని, అదనపు గంటలకు లెక్క కట్టి ఇస్తారని, ఫలానా తేదీ తరువాత మీరు కోరితే పూర్తి వేళలకు తీసుకుంటారని అందులో ఉండాలి. చివరి మాట రాయడానికి యజమాని వెనకాడితే, అదే మీ ప్రశ్నకు సగం జవాబు. పీఎఫ్ జమ ఎంత తగ్గుతుందో, జీతం 21,000 లోపుకు వస్తోంది కనుక ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తిస్తుందో లేదో కూడా అడిగి తెలుసుకోండి. ఇంట్లోనూ ఒక మాట అనుకోవాలి. రెండింటికే వస్తున్నారు కదా అని ఇతరుల పనులన్నీ మీ నెత్తిన పడితే, పాప కోసం వదులుకున్న 18,000 పాపకు చెందకుండా పోతాయి.

మొదట ఆరు నెలలకు మాత్రమే ఒప్పుకోండి. ఆ ఆరు నెలల్లో 20వ తేదీ ఆరుసార్లు వస్తుంది. ఒక్కోసారి ఎన్నింటికి ఇల్లు చేరారో క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.