మోదుగు పూలు ఫోటోలో నారింజ ముద్దలా ఎందుకు వస్తాయి?

కంటికి అంత అందంగా కనిపించే మోదుగు పూలు ఫోటోలో మాత్రం రేకుల జాడ లేని నారింజ ముద్దగా వస్తున్నాయని, కెమెరా మార్చాలా అని అడిగారు. అక్కరలేదు. నేనూ రెండు వేసవులు ముద్దలే తీశాను.

ముదురు నారింజలో ఎరుపు వాటా చాలా ఎక్కువ. కెమెరా వెలుతురును మొత్తం మీద లెక్క వేస్తుంది కాబట్టి, మిగతా రంగులు మామూలుగా ఉండగానే ఎరుపు నిండి పొర్లిపోతుంది. పొర్లిన చోట రేకు మీది నూగు, ఈనెలు మాయం. జేపెగ్ (కెమెరా కుదించి దాచే మామూలు ఫైలు) ఫోటో అయితే తర్వాత ఎంత దిద్దినా అవి తిరిగి రావు. అందుకే తీసేటప్పుడే ఎక్స్‌పోజర్ (ఫోటోలోకి తీసుకునే వెలుతురు) ఒక స్టాప్ దాకా, అంటే సగానికి, తగ్గించండి. ఫోనులో చాలావాటికి పువ్వు మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి జరిపితే సరి. తెర మీద కాస్త చీకటిగా కనిపిస్తుంది, కంగారుపడకండి. కెమెరాలో హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి, వెలుతురు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) చూసేవారైతే మూడు రంగులనూ విడిగా చూపేదాన్ని పెట్టుకోండి. ఒక్క తెల్ల గ్రాఫును నమ్మే నేను మోసపోయాను.

రెండో చిక్కు ఆకాశం. పూసే వేళకు చెట్టుకు ఆకు ఉండదు, మార్చి ఆకాశమేమో పాలిపోయి ఉంటుంది. కింద నిలబడి పైకి తీస్తే పువ్వు వెనక తెల్లటి గోడ కట్టినట్టే. గట్టు మీదికో బండ మీదికో ఎక్కి, వెనక కొండ నీడ వచ్చేలా చూసుకోండి. పువ్వు అడుగున నల్లటి మఖమల్ లాంటి తొడిమ గిన్నె, చిలుక ముక్కులా వంగిన రేకు (కింశుకం అన్న పేరు ఊరికే రాలేదు) అప్పుడే తేటగా తెలుస్తాయి.

దీనికోసం నల్లమల లోపలికే వెళ్లాలని లేదు. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు నుంచి అడవిలోకి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు, మనకు కావలసిందేమో తెల్లవారే వెలుతురు. మన్ననూరు కంటే ముందే వచ్చే డిండి దాటాక రోడ్డు పక్క బీళ్లలో, పొలం గట్ల మీద దొరికే చెట్లే నాకు మేలనిపించాయి. ఎండ ముదరకముందు తేనె కోసం గోరింకలు వాలతాయి. చెట్టుకు దూరంగా కదలకుండా కూర్చుంటే మీ ఫోటోలోకి అవే వస్తాయి.

ఉగాది దాటితే మోదుగు చాలావరకు రాలిపోతుంది. ఆలస్యమైతే ఏప్రిల్, మే నెలల్లో రేల పూలకు వెళ్లండి. వాటిని మాత్రం సూర్యుడికి ఎదురుగా తీయాలి, పలుచని పసుపు రేకులు దీపాల్లా వెలుగుతాయి.