బయోకెమిస్ట్రీలో బ్యాక్‌లాగ్ పడింది... ఫోన్‌లో వీడియో పాఠాలతో గట్టెక్కుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ బైపీసీ తెలుగు మీడియంలో మంచి మార్కులతో పాసైంది. నీట్‌లో ర్యాంకు రాకపోవడంతో హనుమకొండలో బీఎస్సీ (మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, కెమిస్ట్రీ)లో చేరింది. మూడో సెమిస్టర్‌లో బయోకెమిస్ట్రీ ఫెయిలైంది. క్లాసులో చెప్పేది అర్థం కావట్లేదని, ఫోన్‌లో వీడియో పాఠాలు చూస్తేనే కాస్త తలకెక్కుతోందని అంటుంది. రాత్రి పన్నెండు దాకా ఫోన్ చేతిలోనే ఉంటుంది. పాఠాలే చూస్తోందో, ఇంకేం చూస్తోందో మాకు తెలియదు. కోపం వచ్చి ఫోన్ తీసేసుకున్నాను. సబ్జెక్టు ఇంత కష్టమైనప్పుడు కోర్సు మాన్పించి వేరేదాంట్లో చేర్పించడం మంచిదా?
- ఒక తండ్రి, మహబూబాబాద్ జిల్లా

జవాబు: ముందు ఆ ఫోన్ అమ్మాయికి తిరిగి ఇచ్చేయండి. కోర్సు మార్చే ఆలోచన కనీసం ఈ ఏడాది పక్కన పెట్టండి. వీడియో చూస్తేనే అర్థమవుతోందని మీ అమ్మాయి చెప్పే మాటలో నిజం ఉంది. ఈ సబ్జెక్టులో మిగతా వాటికన్నా ఎక్కువ నిజం ఉంది. అయితే చూడటంతోనే చదువు అయిపోదు. ఆ తేడా ఆమెకు తెలిసేలా చేస్తే ఈ బ్యాక్‌లాగ్ పెద్ద సమస్య కాదు.

బయోకెమిస్ట్రీ ఎందుకు కష్టమో మీకు కొంచెం తెలిస్తే ఆమె ఇబ్బంది అర్థమవుతుంది. మన ఒంట్లో ప్రతి క్షణం జరిగే రసాయన చర్యల గురించి చెప్పే శాస్త్రం ఇది. అందులో ప్రతిదీ కదులుతూ ఉంటుంది. ఒక అణువు వచ్చి ఎంజైమును (రసాయన చర్యను వేగంగా జరిపించే ప్రోటీన్‌ను) అంటుకుంటుంది, దాని ఆకారం మారుతుంది, ఒక ముక్క ఊడుతుంది, ఇంకోటి చేరుతుంది. పుస్తకంలో మాత్రం ఇదంతా ఒక పేజీలో నిలిచిపోయిన బొమ్మ, చుట్టూ ఇరవై బాణాలు. ఏ బాణం ముందో, ఏది ఆ తర్వాతో విద్యార్థే ఊహించుకోవాలి. క్లాసులో లెక్చరర్ బోర్డు మీద గీస్తారు కానీ గంటలో యూనిట్‌లో సగం చెప్పాల్సి వస్తే ఎంత నెమ్మదిగా గీయగలరు?

ఒక ఉదాహరణ చెబుతాను. మన కణాల్లో శక్తిని మోసే ఏటీపీని తయారుచేసే ఎంజైము పేరు ఏటీపీ సింథేజ్. ప్రోటాన్లు దాని గుండా ప్రవహిస్తుంటే అందులో ఒక భాగం నిజంగానే గిర్రున తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు మూడు ఏటీపీ అణువులు తయారవుతాయి. అది ఇలా తిరుగుతూ పనిచేస్తుందని ప్రతిపాదించిన పాల్ బోయర్‌కు, దాని నిర్మాణాన్ని చూపించిన జాన్ వాకర్‌కు 1997లో నోబెల్ వచ్చింది. అదే ఏడాది జపాన్ శాస్త్రవేత్తలు ఆ ఎంజైమును గాజుపలక మీద నిలిపి, తిరిగే భాగానికి మెరిసే పోగు ఒకటి అతికించి, అది తిరుగుతుండగా మైక్రోస్కోపు కింద చిత్రీకరించారు. ఈ పాఠాన్ని పుస్తకంలో ‘ఎఫ్‌వో, ఎఫ్1 భాగాలు’ అని లేబుళ్లున్న బొమ్మతో చదివితే పేర్లు బట్టీ పట్టడం తప్ప ఏమీ మిగలదు. రెండు నిమిషాల యానిమేషన్ చూసిన పిల్లకు ఆ పేర్లు ఎందుకున్నాయో తెలుస్తుంది. పరీక్షలో సొంతంగా రాయగలుగుతుంది.

ఎంజైమ్ కైనెటిక్స్, అంటే ఎంజైము పనిచేసే వేగం లెక్కలు కూడా అంతే. ఫెయిలైన పిల్లల్లో చాలామంది ఇక్కడే తడబడతారు. సబ్‌స్ట్రేట్ (ఎంజైము మార్చే పదార్థం) పెరిగేకొద్దీ వేగం ఎలా మారుతుందో చూపే గ్రాఫ్ మొదట ఎందుకు పైకి లేస్తుంది, తర్వాత ఎందుకు బల్లపరుపుగా అయిపోతుంది? పెళ్లి భోజనాల్లో వడ్డించేవాళ్లు పదిమందే ఉన్నారనుకోండి. బంతిలో జనం పెరిగేకొద్దీ వడ్డన వేగం పెరుగుతుంది, ఒక దశ తర్వాత పదిమంది చేతులూ ఖాళీ ఉండవు కాబట్టి ఎంతమంది వచ్చినా అదే వేగం. వడ్డించేవాళ్లు ఎంజైములు, జనం సబ్‌స్ట్రేట్, ఆ గరిష్ఠ వేగమే వీమ్యాక్స్. అందులో సగం వేగానికి ఎంత సబ్‌స్ట్రేట్ కావాలో అది కేఎమ్. మంచి వీడియోలో టీచర్ ఈ గ్రాఫును ఒక్కో చుక్కా పెడుతూ మన కళ్ల ముందే గీస్తారు. సబ్‌స్ట్రేట్‌తో పోటీపడి ఎంజైమును అడ్డుకునే కాంపిటీటివ్ ఇన్హిబిటర్ వేస్తే కేఎమ్ పెరిగి వీమ్యాక్స్ అలాగే ఎందుకుంటుందో గీత జరుగుతుంటే కనిపిస్తుంది. అర్థం కాకపోతే వెనక్కి జరిపి మళ్లీ చూడొచ్చు. క్లాసులో ‘సార్, మళ్లీ చెప్పండి’ అని ఐదుసార్లు అడిగే ధైర్యం, తెలుగు మీడియం నుంచి కొత్తగా ఇంగ్లిష్ మీడియంలోకి వచ్చిన అమ్మాయికి ఎక్కడ ఉంటుంది? నా వరకు వీడియో పాఠం చేసే అతిపెద్ద మేలు ఇదే. సిగ్గుపడకుండా పదిసార్లు వినొచ్చు.

ఇక్కడ మీరు ఒకటి తేల్చుకోవాలి. మీ అమ్మాయికి అర్థం కానిది సబ్జెక్టా, ఇంగ్లిషా? ఒక సాయంత్రం కూర్చోబెట్టి, ‘మనం తిన్న అన్నంలోని గ్లూకోజ్ కణంలోకి వెళ్లాక ఏమవుతుందమ్మా, నాకు చెప్పు’ అని తెలుగులో అడగండి. మీకు ఆ శాస్త్రం తెలియాల్సిన పని లేదు. తడబడకుండా ఓ పద్ధతిలో చెప్పుకుపోతే సబ్జెక్టు వచ్చినట్టే, ఇంగ్లిషులో రాయడమే రావట్లేదు. మధ్యలో ఆగిపోతే సబ్జెక్టులోనే ఖాళీలున్నాయి. మందు రెంటికీ ఒకటి కాదు. మొదటిదైతే వీడియోలకన్నా రోజూ ఒక జవాబు ఇంగ్లిషులో రాసి లెక్చరర్‌కు చూపించుకోవడం ముఖ్యం.

ఇక మిగతాది నేరుగా మీ అమ్మాయికే చెబుతాను, ఈ భాగం తనతో చదివించండి.

అమ్మా, ఇంగ్లిష్ వీడియో పెట్టే ముందు నీ ఇంటర్ సెకండియర్ బోటనీ పుస్తకం తియ్. ఎంజైములు, శ్వాసక్రియ పాఠాలు అందులో తెలుగులో ఉన్నాయి. గ్లూకోజ్‌ను ముక్కలు చేసే గ్లైకాలిసిస్, ఆ తర్వాత జరిగే క్రెబ్స్ వలయం నువ్వు ఒకసారి చదివి పరీక్ష రాసినవే. ఆ పాఠం ఓ అరగంట తిరగేసి, తర్వాత వీడియో చూస్తే సగం మాటలు తెలిసినవిగా వినిపిస్తాయి. సబ్‌టైటిల్స్ ఆన్ చేసుకో, వేగం 0.75కి తగ్గించుకో. తనంతట తానుగా వచ్చే సబ్‌టైటిల్స్‌లో ఎంజైముల పేర్లు తరచూ తప్పుగా పడతాయి, స్పెల్లింగ్ మాత్రం పుస్తకంలోదే నమ్ము.

ఏ వీడియోలు? మొదట చిన్నవి. ఖాన్ అకాడమీలో ఒక్కో అంశాన్ని నల్లటి తెర మీద రంగురంగుల గీతలతో నెమ్మదిగా చెబుతారు, పునాదికి అవి చాలు. తర్వాత ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ వీడియో క్లాసుల వేదిక ఎన్‌పీటీఎల్. అందులో ఐఐటీ ఖరగ్‌పూర్ బయోకెమిస్ట్రీ క్లాసులు ఉన్నాయి, మన యూనివర్సిటీ సిలబస్‌తో చాలావరకు కలుస్తాయి. క్లాసు పెద్దగా ఉంటుంది, ఓపిక కావాలి. ఎంఐటీ ఓపెన్ కోర్స్‌వేర్‌లోని జనరల్ బయోకెమిస్ట్రీ చాలా బాగుంటుంది కానీ దాన్ని ఎంఎస్సీ ఎంట్రన్స్‌కు చదివేటప్పుడు మొదలుపెట్టు. తెలుగులో చెప్పే టీచర్ల వీడియోలు దొరికితే చూడు, వాళ్ల మాట వల్ల భయం పోతుంది. పరీక్ష ముందు రాత్రి ‘గంటలో యూనిట్ మొత్తం’ అనే రకం మాత్రం వద్దు. అవి తెలిసినది గుర్తుచేస్తాయి, తెలియనిది నేర్పవు.

ఎలా చూడాలన్నదే అసలు సంగతి. 2014లో ఎడెక్స్ అనే వేదికలోని ఆన్‌లైన్ కోర్సుల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనంలో, వీడియో ఎంత పొడవున్నా సగానికి సగం సందర్భాల్లో విద్యార్థులు ఆరు నిమిషాలకు మించి చూడలేదని తేలింది. కాబట్టి నలభై నిమిషాల క్లాసును ఒక్క బిగిన చూడాలని పట్టుపట్టకు. ఏడెనిమిది నిమిషాలకొకసారి ఆపు. ఫోన్ బోర్లా పెట్టి, ఇప్పటిదాకా విన్నది తెల్ల కాగితం మీద గీయి. గీయలేకపోతే నీకు రాలేదన్నమాట, మళ్లీ వెనక్కి వెళ్లు. టీచర్ చెబుతుంటే తల ఊపడం చాలా సులువు. అది వచ్చేసినట్టు అనిపించే భ్రమ, మంచి టీచరైతే ఆ భ్రమ ఇంకా ఎక్కువ.

గ్లైకాలిసిస్‌లో పది మెట్లు, పది ఎంజైములు అని బెంబేలు పడకు. మొదటి కాగితం మీద పేర్లే రాయొద్దు, కార్బన్లు లెక్కపెట్టు. ఆరు కార్బన్ల గ్లూకోజ్ చివరికి మూడేసి కార్బన్ల పైరువేట్లు రెండుగా మారుతుంది, అంతే. రెండో కాగితం మీద ఏటీపీ ఎక్కడ ఖర్చయింది, ఎక్కడ వచ్చింది చూపించు. మొదటి సగంలో రెండు ఖర్చు, రెండో సగంలో నాలుగు రాబడి, నికరంగా రెండు. ఎలక్ట్రాన్లను మోసుకెళ్లే ఎన్‌ఏడీహెచ్ రెండు. మూడో కాగితం మీద వెనక్కి తిరగని మూడు మెట్లు పెట్టు. హెక్సోకైనేజ్, ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్, పైరువేట్ కైనేజ్. ఎగ్జామినర్ ఎక్కువగా అడిగేది వీటి గురించే. ఇవన్నీ కుదిరాక నాలుగో కాగితం మీద మొత్తం పేర్లు రాయి. అప్పటికి అవి వాటంతటవే చోట్లలో కూర్చుంటాయి.

వీడియోలు చూసేవాళ్లు కంగారుపడే చోటు ఇంకోటి ఉంది. ఒక గ్లూకోజ్ పూర్తిగా దహనమైతే మొత్తం ఏటీపీ ఎన్ని? ఒక వీడియోలో 38 అంటారు, ఇంకోదాంట్లో 36, మరోదాంట్లో 30 లేదా 32. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. పాత లెక్కలో ఒక ఎన్‌ఏడీహెచ్‌కు 3, అలాగే ఎలక్ట్రాన్లను మోసే ఎఫ్‌ఏడీహెచ్2కు 2 ఏటీపీలు వేసేవారు. ఇప్పటి లెక్కలో 2.5, 1.5 వేస్తున్నారు, అందుకే మొత్తం 30 లేదా 32కి తగ్గింది. నీ సిలబస్ పుస్తకం ఏ లెక్క వాడితే పరీక్షలో అదే రాయి, పక్కన ఏ లెక్కన వేశావో ఒక వాక్యం రాయి.

వీడియో చేయలేని పనులు కూడా ఉన్నాయి. బఫర్ (పీహెచ్ పెద్దగా మారకుండా చూసే ద్రావణం) లెక్కలు చూస్తే రావు. పీహెచ్ అంటే ఆమ్లం బలాన్ని చెప్పే పీకేఏకు, లవణం-ఆమ్లం నిష్పత్తి లాగరిథమ్ కలిపితే వచ్చేదని టీచర్ చక్కగా చెబుతారు, రెండూ సమానమైతే పీహెచ్, పీకేఏ ఒకటేనని కూడా చెబుతారు. ఎసిటిక్ ఆమ్లం పీకేఏ 4.76, ఇప్పుడు పీహెచ్ 5 బఫర్ నువ్వు తయారుచెయ్ అంటే చెయ్యి ఆడదు. ఆ లెక్కలు నువ్వే పెన్ను పట్టి కనీసం ఓ పాతిక చేయాలి.

ప్రాక్టికల్స్‌కు మాత్రం ముందురోజు రాత్రి ఆ ప్రయోగం వీడియో చూసి వెళ్లు. ల్యాబులో టెన్షన్ తగ్గుతుంది, వైవాలో మాట వస్తుంది. ఫాస్ఫరస్ ఎంతుందో కనుక్కునే ప్రయోగం నీకు ఉంటే, మాలిబ్డేట్ కలిపాక వచ్చే నీలిరంగును కలరీమీటర్‌లో కొలుస్తారు. ఆ పద్ధతి పేరు ఫిస్కే-సుబ్బారావు. ఆ సుబ్బారావు భీమవరంలో 1895లో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో హార్వర్డ్ మెడికల్ స్కూల్లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆ పద్ధతి ప్రచురించాడు. దాని సాయంతోనే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఆ తర్వాత ఏటీపీని గుర్తించారు. ఏటీపీని జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా 1929లో విడిగా కనుక్కున్నాడు. నువ్వు కష్టమని భయపడుతున్న సబ్జెక్టుకు గుండెకాయలాంటి అణువును వెతికిపట్టినవాళ్లలో ఒక తెలుగువాడున్నాడని తెలిసి ఆ టెస్ట్‌ట్యూబు పట్టుకుంటే ఆ ప్రయోగం మీద ఇష్టం వేరేగా ఉంటుంది.

మళ్లీ నాన్నగారితో. ఫోన్ విషయంలో పోలీసు కాపలా పనిచేయదు. ఏం చూశావని అడగొద్దు, ఏం గీశావో చూపించమని అడగండి. రోజుకు రెండు కాగితాలు కనిపిస్తే ఆమె చదివినట్టే. వైఫై ఉన్నచోట వారానికి సరిపడా పాఠాలు డౌన్‌లోడ్ చేయించి, చదివే వేళ డేటా ఆఫ్ చేసుకోమనండి, నోటిఫికేషన్ల గొడవ ఉండదు. పదిన్నరకు ఫోన్ హాల్లో పెట్టే నియమం పెడితే ఇంట్లో అందరికీ పెట్టండి, మీతో సహా. కుదిరితే పాత ల్యాప్‌టాప్ లేదా పెద్ద తెర టాబ్ ఇప్పించండి. అణువుల బొమ్మలు ఆరంగుళాల తెర మీద కనిపించవు, కళ్లు మాత్రం పోతాయి.

కోర్సు సంగతి. డిగ్రీ తర్వాత ఎంఎస్సీకి మన రాష్ట్ర యూనివర్సిటీలకైతే సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి వాటికి సీయూఈటీ-పీజీ, ఐఐటీలకు జామ్ అనే ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. ఆపైన సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ లైఫ్ సైన్సెస్ సిలబస్‌లో మొదటి యూనిట్టే జీవాణువుల గురించి. గేట్ లైఫ్ సైన్సెస్‌లో బయోకెమిస్ట్రీకి విడిగా ఒక విభాగం ఉంది. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్. చదువు ఆపి ఉద్యోగం చేయాలన్నా హైదరాబాద్ చుట్టుపక్కల టీకాలు, మందులు తయారుచేసే కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో ఈ సబ్జెక్టు వచ్చినవాళ్లకు పని ఉంది. మైక్రోబయాలజీ చదివే అమ్మాయి బయోకెమిస్ట్రీని తప్పించుకుని ఎటూ వెళ్లలేదు. వేరే కోర్సులో చేర్పిస్తే రెండేళ్ల కష్టం పోతుంది, ఒక్క పేపర్ కోసం అంత మార్పు నాకు సబబుగా అనిపించట్లేదు. సప్లిమెంటరీ రాశాక కూడా, ఏటీపీ గురించి మాట్లాడుతుంటే ఆమె ముఖంలో ఏ ఆసక్తీ లేకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక అయిన స్వయం పోర్టల్‌లో ఎన్‌పీటీఎల్ కోర్సు చేరడానికి డబ్బు కట్టనక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష ఫీజు ఉంటుంది. మార్కుల్లో పాతిక శాతం వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు, మిగతా డెబ్బై ఐదు చివరి పరీక్షకు. స్వయం కోర్సుల క్రెడిట్లను డిగ్రీలో కలుపుకోవడానికి 2021 యూజీసీ నిబంధనలు సెమిస్టర్‌కు 40 శాతం దాకా అనుమతిస్తున్నాయి. కానీ మీ కాలేజీ, యూనివర్సిటీ ఒప్పుకున్న కోర్సులకే ఇది వర్తిస్తుంది. ఫీజు కట్టే ముందు అమ్మాయిని ప్రిన్సిపాల్ ఆఫీసులో అడిగి, ఏ కోర్సుకు క్రెడిట్ ఇస్తారో కాగితం మీద రాయించుకోమనండి.