పాత ట్రాప్ గన్ చోక్ తెరిపించాలా?

ప్రశ్న: సార్ నమస్తే. మాది గుంటూరు, పదకొండేళ్లుగా డల్లాస్‌లో ఉంటున్నాం. రెండేళ్ల నుంచి వీకెండ్స్‌లో ట్రాప్ షూటింగ్‌కి (మిషన్ విసిరే మట్టి పళ్లేల్ని, అంటే క్లేల్ని, తుపాకీతో పగలగొట్టే ఆట) వెళ్తున్నాను. ఈమధ్యే ఒక పెద్దాయన దగ్గర పాత బ్రౌనింగ్ బీటీ-99 గన్ కొన్నాను, 34 అంగుళాల బ్యారెల్, ఫిక్స్‌డ్ ఫుల్ చోక్ (మార్చడానికి వీల్లేని, బాగా ఇరుకైన బ్యారెల్ మూతి). 16 గజాల నుంచి 25 క్లేలకి 19, 20 దాటట్లేదు. రేంజ్‌లో అందరూ "ఫుల్ మరీ టైట్, రీమ్ చేయించి (లోపల గీకించి) కొంచెం వెడల్పుండే మాడిఫైడ్ చేసెయ్" అంటున్నారు. చేయించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. జపాన్‌లో మిరోకు వాళ్లు చేసిన గన్ అది, చాలా మంచి గన్, తొందరపడి దానిమీద చెయ్యి పెట్టకండి. చోక్ లోంచి గీకేసిన ఇనుము మళ్లీ అతుక్కోదు.

అసలు మీరు తీయిస్తానంటున్నది ఎంతో చూడండి. 12 బోర్ గొట్టం లోపల సుమారు 730 ఉంటుంది (అంగుళంలో వెయ్యో వంతుల లెక్క), ఫుల్ చోక్ అంటే మూతి దగ్గరికి వచ్చేసరికి 695 కి సన్నబడుతుంది, అంటే తేడా 35. మాడిఫైడ్‌లో ఆ తేడా 20. మధ్యలో ఉన్నది 15, జిరాక్స్ కాగితాలు నాలుగు కలిపి పట్టుకుంటే వచ్చే మందం అంతే, గొట్టం చుట్టూ పంచుకుంటే ఒక్కో పక్క రెండు కాగితాలు. దానికి వచ్చే ఫలితం ఏంటంటే, 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలో ఫుల్ 70 శాతం పెల్లెట్స్ (గుళ్లు) పెడుతుంది, మాడిఫైడ్ 60 శాతం. 1⅛ ఔన్సు తూటాలో ఏడున్నర నంబరు గుళ్లు ఒక 390 ఉంటాయి కాబట్టి తేడా దాదాపు 40 గుళ్లు. ఈ 40 గుళ్ల వల్లే మీకు ఐదారు క్లేలు పోతున్నాయంటే నేను నమ్మలేను.

ముందు మీ క్లేలు ఎలా పగులుతున్నాయో గమనించండి. తగిలినవన్నీ నల్లగా పొడైపోయి, పోయినవి గీతైనా పడకుండా నిండుగా వెళ్లిపోతుంటే మీ చోక్ బాగానే ఉంది, గన్ తప్పు చోటికి చూస్తోంది అంతే. చాలామందిలో ఆ తప్పు ఏంటంటే క్లే పగిలిందా లేదా చూద్దామని ట్రిగ్గర్ నొక్కకముందే చెంప స్టాక్ మీంచి లేచిపోతుంది. నాకు ఇదే జరిగింది, అందుకే ఇంత పట్టుబట్టి చెప్తున్నాను. నా పాత సింగిల్ బ్యారెల్‌ని మీలాగే అందరూ చెప్పారని ఫుల్ నుంచి మాడిఫైడ్ చేయించాను, స్కోరు ఒక్కటి కూడా పెరగలేదు, పైగా రీమర్ గొట్టానికి సరిగ్గా మధ్యలో కూర్చోలేదేమో 35 గజాల్లో ప్యాటర్న్ (గుళ్లు పరుచుకునే తీరు) నాలుగు అంగుళాలు ఎడమకి జరిగిపోయింది. తర్వాత హ్యాండిక్యాప్‌లో (బాగా కొట్టేవాళ్లని ఇంకా వెనక నిలబెట్టే పోటీ) నన్ను 24, 25 గజాలకి వెనక్కి నెట్టారు, అక్కడ్నుంచి క్లే 40 గజాలు దాటాకే అందుతుంది, ఆ ఫుల్ చోక్ ఉంటే ఎంత బాగుండేదో అని ప్రతి శనివారం బాధపడ్డాను. మీరూ రేపో మాపో వెనక్కి వెళ్తారు కదా.

కాబట్టి పేపర్ మీద కాల్చి చూడండి. నాలుగడుగుల బ్రౌన్ పేపర్, మధ్యలో చుక్క, 16 గజాల లైన్‌లో క్లే మామూలుగా పగిలే దూరం 32 నుంచి 35 గజాలు కాబట్టి అక్కడే పెట్టండి. ఒక్క షాట్ చూసి తీర్పు చెప్పొద్దు, కనీసం ఐదు కాగితాలు, మీరు వాడే తూటాతోనే. గుళ్లు బాగా పడ్డ చోటు మధ్యగా వలయం గీసి లెక్కపెట్టాలి. మా పాప స్కెచ్ పెన్ను పట్టుకుని ఒక్కో చిల్లు పక్కన చుక్క పెడుతూ లెక్కపెట్టింది, ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం పట్టింది, కానీ గన్ గురించి ఆ రోజు తెలిసినంత నాకు ఎప్పుడూ తెలియలేదు. వలయం చుక్కకి పైనుందా కిందనుందా పక్కకుందా అన్నదే గుళ్ల లెక్క కంటే ముఖ్యం.

అలాగే బ్యారెల్ మీద ఉన్న గుర్తు నమ్మకండి, బ్రౌనింగ్ వాళ్లు ఒక నక్షత్రం వేస్తే ఫుల్ అని అర్థం, కానీ మీకంటే ముందు వాడినాయన ఎప్పుడో తెరిపించి ఉండొచ్చు. బోర్ మైక్రోమీటర్‌తో కొలిపించండి. నిజంగానే మరీ టైట్ అనిపిస్తే ముందు 8 నంబరు (ఇంకా చిన్న గుళ్లు), కొంచెం మెత్తటి సీసం ఉన్న చవక తూటా వేసి చూడండి, ప్యాటర్న్ దానంతటదే విచ్చుకుంటుంది, గన్‌కి ఏమీ కాదు.

ఇంత చేశాక కూడా తెరిపించాలనుంటే 15 ఒకేసారి తీయించొద్దు. ఐదు తీయించి, పేపర్ మీద కాల్చి, చాలకపోతే ఇంకో ఐదు. 25 తేడా దగ్గర, అంటే ఇంప్రూవ్డ్ మాడిఫైడ్ దగ్గర ఆగిపోతే 16 కీ వెనక గజాలకీ రెండిటికీ పనికొస్తుంది. లేదంటే స్క్రూ చోక్‌లు (బిగించి, విప్పి మార్చుకునేవి) పెట్టించుకోవచ్చు, మూతి దగ్గర గొట్టం మందం సరిపోవాలి, మీకు హ్యూస్టన్‌లోనే బ్రైలీ వాళ్లున్నారు, ఈ పనికి వాళ్లది పెద్ద పేరు. మీ రేంజ్‌లో సీసం నిషేధించి స్టీల్ మాత్రమే కాల్చమంటే అప్పుడు మాత్రం నా మాట వేరు, పాత ఫుల్ చోక్‌లోంచి స్టీల్ కాలిస్తే మూతి దగ్గర బ్యారెల్ ఉబ్బే ప్రమాదం ఉంది, అక్కడ తెరిపించడమే న్యాయం.

ప్రశ్న: మాది హైదరాబాద్. మా ఊరి ట్రాప్ షూటర్ కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చినప్పట్నుంచి మా అబ్బాయికి ట్రాప్ పిచ్చి పట్టింది. మా తాతగారి ఇంగ్లిష్ డబుల్ బ్యారెల్ లైసెన్స్‌తో నా పేరు మీదే ఉంది. బ్యారెల్ రెండు మూడు అంగుళాలు కోయిస్తే తేలికవుతుందంటున్నారు, నిజమేనా అండి?

జవాబు: అస్సలు కోయించకండి. చోక్ ఉండేదే ఆ చివరి రెండు మూడు అంగుళాల్లో, కోస్తే చోక్ మొత్తం పోయి ఉత్త గొట్టం మిగులుతుంది. పైగా ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 6 ప్రకారం అనుమతి లేకుండా బ్యారెల్ పొట్టి చేయడం నేరం. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరికి తీసుకెళ్లి రెండు బ్యారెళ్లూ కొలిపించండి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) కూడా తప్పకుండా కొలవమనండి. ఆ కాలం ఇంగ్లిష్ తుపాకులు చాలావాటిలో ఛాంబర్ రెండున్నర అంగుళాలే, ఇప్పటి 2¾ అంగుళాల తూటా లోపలికి దూరుతుంది గానీ పేలి తూటా మూతి విచ్చుకునేసరికి చోటు చాలక ప్రెషర్ పెరిగిపోతుంది. ఆ కొలత చేతికొచ్చేదాకా అబ్బాయి చేత అందులో ఒక్క తూటా కూడా కాల్పించొద్దు.